షోరూం కట్టాక కాదు, కట్టకముందే అడగాలి

ప్రధాన రహదారి పక్కన ఖాళీగా ఉన్న స్థలంలో జేసీబీ దిగుతుంది. వచ్చేది ఆస్పత్రి అని కొందరు, ఫంక్షన్ హాలు అని కొందరు అనుకుంటారు. పునాదులు లేచి, అద్దాల ముఖభాగానికి ఇనుప చట్రం నిలబడ్డాక గానీ అది కార్ల షోరూం అని వెనక కాలనీకి తెలియదు. అప్పుడు మొదలవుతాయి సంతకాల సేకరణ, మున్సిపల్ కార్యాలయంలో అర్జీలు, కార్పొరేటర్ ఇంటికి పరుగులు, ఓపికా డబ్బూ ఉన్నచోట హైకోర్టులో రిట్ పిటిషన్. హైదరాబాద్ శివార్ల నుంచి విజయవాడ, విశాఖల దాకా రోడ్డు వెడల్పయిన ప్రతిచోటా ఈ వరస పునరావృతమవుతోంది. ప్రతిసారీ చర్చ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతోంది: ఇళ్ల పక్కన షోరూం ఉండొచ్చా, ఉండకూడదా? ఆ ప్రశ్నతో ఎటూ తేలదు. ఎంత పరిమాణంలో, ఏయే పనులతో, ఏ షరతుల మీద ఉండొచ్చన్నది తేల్చాలి. అదీ అనుమతి ఇవ్వకముందే తేల్చాలి. మన నిబంధనల్లో ఆ విచారణ లేదు, దానికొక దశా లేదు.

కార్ల డీలర్‌షిప్ అంటే అద్దాల వెనక మెరిసే నాలుగు కార్లు మాత్రమే అయితే ఇంత గొడవ ఉండదు. ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లు ‘త్రీ ఎస్’ అంటారు: సేల్స్, సర్వీస్, స్పేర్స్. ముందు షోరూం, వెనక వర్క్‌షాపు, ఒక పక్క బాడీషాపు, కుదిరితే అక్కడే స్టాక్ యార్డు. 2024-25లో కార్ల కంపెనీలు దేశీయ మార్కెట్‌కు పంపిన ప్రయాణికుల వాహనాలు సుమారు 43 లక్షలు. అవన్నీ ఏదో ఒక డీలరు గేటు దాటి వెళ్లాల్సినవే, ఆ తర్వాత ఏళ్ల తరబడి సర్వీసింగ్‌కు తిరిగి రావాల్సినవే. అందుకే వెనక వీధిని ఇబ్బంది పెట్టేది అమ్మకం కంటే ఎక్కువగా మరమ్మతు. చక్రాల నట్లు విప్పే ఎయిర్ గన్, ఆగి ఆగి మోగే కంప్రెసర్, డెంటింగ్ సుత్తి, కరెంటు పోతే జనరేటరు, పెయింట్ బూత్ నుంచి వచ్చే థిన్నర్ వాసన, వాటర్ వాష్ మురుగు. వీటికితోడు కొత్త కార్లు మోసుకొచ్చే పొడవాటి కంటైనర్ లారీలు. పగలు నగరంలోకి భారీ వాహనాలకు ప్రవేశం లేదు కాబట్టి అవి అర్ధరాత్రి దాటాకే వస్తాయి. వచ్చిన లారీకి లోపల తిరిగే చోటు లేకపోతే రోడ్డు మీదే ఆగుతుంది. ఇనుప ర్యాంపు దించిన చప్పుడుకు పడకగదుల్లో పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. ట్రాఫిక్ ఇబ్బంది ఉండకూడదని పెట్టిన ఒక నిబంధన పగటి చప్పుడును రాత్రికి మార్చింది. రెండు శాఖలు ఒకచోట కూర్చుని ఉంటే ఈ సంగతి ముందే కనిపించేది.

ఇక దసరా, ధన్‌తేరస్ రోజుల్లో డెలివరీల రద్దీ చెప్పనక్కరలేదు. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కుటుంబమంతా ఫొటో దిగి కారు బయటికి తీసేలోపు వెనక మరో పది కుటుంబాలు వరసలో ఉంటాయి. వాళ్లు వచ్చిన బండ్లన్నీ కాలనీ వీధిలోనే ఆగుతాయి. అది వాళ్ల జీవితంలో పండగ రోజు, ఎవరూ తప్పుపట్టరు. ఆ రద్దీకి చోటు ఎక్కడ చూపించారన్న ప్రశ్న మాత్రం డీలరును అడగాల్సిందే, అడగాల్సింది అనుమతి ఇచ్చే కార్యాలయమే.

ఆ కార్యాలయం ఏం అడుగుతోంది? స్థలం విస్తీర్ణం ఎంత, రోడ్డు వెడల్పు ఎంత, సెట్‌బ్యాక్‌లు వదిలారా, ఎత్తు ఎంత, పార్కింగుకు చూపించిన శాతం సరిపోయిందా, అగ్నిమాపక నిబంధనలు పాటించారా? అన్నీ భవనం గురించిన ప్రశ్నలే. ఆ భవనంలో జరిగే పని గురించి దాదాపు ఏమీ లేదు. బట్టల దుకాణానికీ కార్ల వర్క్‌షాపుకూ ఒకటే ముద్ర: వాణిజ్యం. తెలంగాణ 2020లో తెచ్చిన టీఎస్-బీపాస్ చట్టం చిన్న ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో అప్పటికప్పుడు అనుమతి, మిగతా భవనాలకు సింగిల్ విండో ద్వారా 21 రోజుల్లో అనుమతి, గడువు దాటితే వచ్చినట్టే అన్న ఏర్పాటు చేసింది. ఇది మంచి సంస్కరణే. ఒక్కో సంతకానికి ఒక్కో బల్ల చుట్టూ తిరిగిన రోజులు చూసినవారెవరూ పాత పద్ధతి మళ్లీ రావాలని కోరుకోరు. కానీ ఆ 21 రోజుల్లో పొరుగువారికి ఒక్క రోజు కూడా లేదు. నివాస ప్రాంతాన్ని వాణిజ్యంగా మార్చాలంటే అభివృద్ధి సంస్థ ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు పిలుస్తుంది. ఆ స్థలం అప్పటికే వాణిజ్య మండలంలోనో బహుళ వినియోగ మండలంలోనో ఉంటే మాత్రం ఎవరినీ అడగనక్కరలేదు. హెచ్‌ఎండీఏ మాస్టర్‌ప్లాన్ 2013 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఆనాడు ముసాయిదా పటంలో రంగు చూసి అభ్యంతరం చెప్పనందుకు, ఆ తర్వాత అక్కడ ఇల్లు కొనుక్కున్నవారు ఇక ఎప్పటికీ నోరు మెదపకూడదా?

మిగతా అనుమతులు ముక్కలుముక్కలుగా ఉన్నాయి. కాలుష్య నియంత్రణ మండళ్ల వర్గీకరణలో వాహనాల సర్వీసింగ్, మరమ్మతు, పెయింటింగ్ నారింజ విభాగంలోకి వచ్చాయి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. కార్పొరేషన్ నుంచి ట్రేడ్ లైసెన్సు, రవాణా శాఖ నుంచి ట్రేడ్ సర్టిఫికెట్ కావాలి. ఎవరి దస్త్రం వారిదే. శబ్దం సంగతే చూడండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55 దాకా ఉండొచ్చు. మన నగరాల్లో రోడ్డు వైపున్న వరస వాణిజ్యం, దాని వెనక వరస నివాసం. మధ్యలో ఉన్నది ఒక్క ప్రహరీ గోడ. గోడకు అటు నిబంధనలకు లోబడిన చప్పుడు, గోడకు ఇటు నిబంధనలను దాటిన చప్పుడు. ఆ గోడ దగ్గర ఏ పరిమితి వర్తించాలో భవన అనుమతి పత్రంలో ఒక్క వాక్యం రాస్తే సగం తగాదాలు పుట్టకముందే తీరుతాయి.

న్యాయస్థానాలు ఈ విషయంలో చాలాకాలం క్రితమే స్పష్టంగా మాట్లాడాయి. ఉడుపిలో పట్టణ ప్రణాళిక పథకం నివాస ప్రాంతంగా గుర్తించిన చోట కల్యాణ మండపాన్ని సినిమా హాలుగా మార్చుకోవడానికి పురపాలక సంఘం అనుమతించింది. అక్కడి నివాసి ఒకరు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆ అనుమతి చెల్లదని, పథకాన్ని అమలు చేయించమని అడిగే హక్కు అక్కడ నివసించేవారికి ఉందని, కట్టడానికి డబ్బు ఖర్చు పెట్టేశామన్న వాదన అక్రమాన్ని సక్రమం చేయదని 1974లో కోర్టు తేల్చింది. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆస్పత్రికి ఇచ్చిన కేసులో 1991లోనూ నివాసుల పక్షానే నిలబడింది. ఇక ఢిల్లీ సంగతి. 2006 ఫిబ్రవరి తీర్పుతో నివాస భవనాల్లోని దుకాణాలకు సీళ్లు పడటం మొదలైంది. నగరం అట్టుడికింది. మూణ్నెల్లు తిరగకుండానే పార్లమెంటు ప్రత్యేక చట్టం తెచ్చి ఆ సీళ్లను ఆపింది. తాత్కాలికమన్న ఆ రక్షణ పొడిగింపుల మీద పొడిగింపులతో 2026 చివరిదాకా వచ్చింది. కోర్టు ఒక నగరాన్ని వెనక్కి తిప్పలేదు, ప్రభుత్వం నిలబెట్టలేదు. దశాబ్దాల నిర్లక్ష్యాన్ని ఒక్క ఉత్తర్వుతో సరిదిద్దబోతే జరిగేది ఇదే.

ఆ గందరగోళం నుంచే పనికొచ్చే నిబంధన కూడా ఒకటి పుట్టింది. 2007లో నోటిఫై చేసిన ఢిల్లీ మాస్టర్‌ప్లాన్ మిశ్రమ వినియోగ వీధుల్లో దుకాణాలను అనుమతిస్తూనే వాహనాల మరమ్మతు, వర్క్‌షాపులు, బ్యాటరీ చార్జింగ్ వంటి పనులను నిషేధించింది. 30 మీటర్లు, అంతకు మించి వెడల్పున్న రోడ్లపైని ప్లాట్లలో వాహన మరమ్మతుకు మినహాయింపు ఇచ్చింది. అంటే అమ్మకం వేరు, మరమ్మతు వేరు అని ఢిల్లీ చట్టం గుర్తించింది. మన రెండు రాష్ట్రాల నిబంధనలు ఈ తేడాను ఇంత స్పష్టంగా రాసుకోవాలి.

బ్రిటన్ 1987 నుంచే ఈ తేడా పాటిస్తోంది. అక్కడ భూ వినియోగాలన్నిటినీ తరగతులుగా విభజించి, ఒకే తరగతిలో మార్పులకు అనుమతి అక్కరలేదన్నారు. కార్ల అమ్మకాన్ని మాత్రం ఏ తరగతిలోనూ చేర్చలేదు, విడిగా ఉంచారు. కిరాణా దుకాణాన్ని పుస్తకాల దుకాణం చేసుకోవచ్చు గానీ కార్ల షోరూం చేయాలంటే స్థానిక సంస్థకు దరఖాస్తు పెట్టి తీరాలి. పొరుగువారికి ఉత్తరం ద్వారానో, స్థలం దగ్గర నోటీసు అంటించో తెలియజేసి 21 రోజులు అభిప్రాయాలు తీసుకుంటారు. అనుమతి నిరాకరిస్తే దరఖాస్తుదారు అప్పీలుకు వెళ్లొచ్చు. అనుమతిస్తే పొరుగువారికి ఇంగ్లండ్‌లో అప్పీలు లేదు. పక్కనున్న ఐర్లండ్‌లో ఉంది.

అమెరికాలో ఈ విచారణ మరీ లోతుగా జరుగుతుంది. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్న న్యూజెర్సీనే తీసుకుంటే, ప్లానింగ్ బోర్డు విచారణకు కనీసం 10 రోజుల ముందు 200 అడుగుల పరిధిలోని ప్రతి ఆస్తి యజమానికీ దరఖాస్తుదారే స్వయంగానో, సర్టిఫైడ్ తపాలాలోనో నోటీసు ఇవ్వాలి. నమూనాలు, నివేదికలు అదే గడువులో ఎవరైనా చూసుకునేలా కార్యాలయంలో ఉంచాలి. విచారణలో ట్రాఫిక్ ఇంజినీరు ప్రమాణం చేసి సాక్ష్యం చెబుతారు, వీధిలో ఉండే గృహిణి లేచి ఆయన్ను ప్రశ్నించవచ్చు. అక్కడి డీలర్‌షిప్ అనుమతుల్లో తరచూ కనిపించే షరతులు చదివితే మన కాలనీల అర్జీలు గుర్తొస్తాయి: నివాస వీధుల్లో టెస్ట్ డ్రైవ్ చేయకూడదు, కార్ల లారీని రోడ్డు మీద ఆపి దించకూడదు, ఆవరణలో లౌడ్‌స్పీకర్ ఉండకూడదు, దీపాల వెలుగు సరిహద్దు దాటకూడదు, షోరూం మూసేశాక తగ్గించాలి, ఇళ్ల వైపు చెట్ల వరస పెంచాలి. నిరాకరించడం కంటే షరతులతో అనుమతించడమే అక్కడ మామూలు. న్యూయార్క్ కోర్టులు ఇంకో మంచి గీత గీశాయి. ఒక వినియోగాన్ని ప్రత్యేక అనుమతితో ఉండొచ్చని నిబంధనల్లోనే రాశాక, ‘మాకు ఇష్టం లేదు’ అన్న సాధారణ అభ్యంతరంతో బోర్డు దాన్ని తోసిపుచ్చడానికి వీల్లేదు. ఏ రోడ్డు మీద ఎంత రద్దీ పెరుగుతుందో, ఏ ఇంటికి ఎంత చప్పుడు చేరుతుందో ఆధారం చూపించాలి.

అలాగని అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోమని ఎవరూ చెప్పకూడదు. 1926లో అక్కడి సుప్రీంకోర్టు యూక్లిడ్ గ్రామం కేసులో జోనింగ్‌ను సమర్థించాక, ఆ అధికారం చప్పుడును, పొగను ఆపడానికి ఎంత ఉపయోగపడిందో, తక్కువ ఆదాయంవారి ఇళ్లను సంపన్న శివార్లలోకి రానీయకపోవడానికీ అంతే ఉపయోగపడింది. విచారణకు వచ్చి మాట్లాడగలిగేది తీరిక, చదువు, న్యాయవాది ఉన్నవారే. మన దగ్గరా అదే జరుగుతుందన్న భయం నిజమైనది. జూబ్లీహిల్స్‌లో అభ్యంతరం చెబితే ఆ బాడీషాపు ఏ బస్తీ పక్కకో తరలుతుంది. అక్కడి పిల్లల ఊపిరితిత్తులు ఏమైనా గట్టివా? నోటీసు, విచారణ అడిగిన కాలనీకి దక్కే వెసులుబాటుగా ఉండకూడదు. దరఖాస్తు ఏ వార్డులో పడినా తప్పనిసరి కావాలి. పెయింట్ బూత్‌కు, ఇంటి గోడకు మధ్య దూరం వంటి కనీస రక్షణలు అసలు ఎవరి అభ్యంతరం మీదా ఆధారపడకుండా నిబంధనల్లోనే ఉండాలి.

ఈ విషయంలో జపాన్ మార్గం నాకు ఎక్కువ నచ్చింది. అక్కడ జోన్లను దేశమంతటికీ కలిపి జాతీయ చట్టమే నిర్వచించింది. వాహన మరమ్మతు కార్ఖానాను అవునూ కాదూ అని తేల్చకుండా విస్తీర్ణంతో ముడిపెట్టారు. సాధారణ నివాస జోన్లలో 50 చదరపు మీటర్ల దాకా, రోడ్డు పక్కనుండే అర్ధ నివాస జోన్‌లో 150 దాకా, వాణిజ్య జోన్లలో సైతం 300 దాకా మాత్రమే. అంతకు మించితే పారిశ్రామిక జోన్‌కు వెళ్లాల్సిందే. సందు చివర రెండు స్కూటర్లు, ఒక కారు బాగుచేసుకునే మెకానిక్ బతుకు చెడదు. నాలుగంతస్తుల సర్వీస్ సెంటరు మాత్రం ఇళ్ల మధ్యకు రాదు. మన దగ్గర నిబంధన గట్టిపడిన ప్రతిసారీ మొదట దెబ్బ తినేది ఆ మెకానిక్కే కనుక ఈ కొలత మనకు మరీ అవసరం. విడగొట్టడం మనకు కొత్తేమీ కాదు కూడా. విజయవాడ రోడ్ల మీది లారీ షెడ్లను, మెకానిక్కులను ఊరి బయటికి చేర్చడానికి 1960లలోనే ఆటోనగర్ కట్టుకున్నాం. గుంటూరు, గాజువాక, వనస్థలిపురం ఆ బాటలో నడిచాయి. ఆ తర్వాత పెరిగిన నగరాలకు అలాంటి చోటు ఎందుకు చూపించలేకపోయామో ప్రణాళికా శాఖలు జవాబు చెప్పాలి.

డీలర్ల వాదననూ పక్కన పెట్టలేం. వాణిజ్య స్థలమని పటంలో చూసే కోట్లు పెట్టి కొన్నామంటారు, అది న్యాయమైన మాట. ఐటీఐ, డిప్లొమా చేసిన వందలాది మంది యువకులకు ఉపాధి ఇస్తున్నామంటారు, నిజమే. కొనుగోలుదారు సర్వీసింగ్ కోసం ఊరి చివరకు పోవడానికి ఇష్టపడడన్నదీ వాస్తవం. ఇళ్లనూ వ్యాపారాలనూ పూర్తిగా విడదీస్తే ప్రతి చిన్న పనికీ బండి తీయాల్సిన నగరం తయారవుతుందని పట్టణ ప్రణాళిక నిపుణులు అరవై ఏళ్లుగా హెచ్చరిస్తున్నారు. అయితే మిశ్రమ వినియోగాన్ని అంత గట్టిగా సమర్థించిన జేన్ జేకబ్స్ కూడా 1961లోనే పెట్రోలు బంకులు, లారీ డిపోలు, పార్కింగ్ స్థలాల వంటివాటిని విడిగా చూడమన్నారు. వాటి స్వభావంలో చెడు లేదని, కొన్ని వీధులకు వాటి పరిమాణం మించిపోతుందని ఆమె వాదన. పెద్ద సర్వీస్ సెంటరు ఆ జాబితాలో చేరేదే. పైగా షోరూం నగరంలో, బాడీషాపు శివార్లలో పెట్టి, కారును తామే తీసుకెళ్లి తెచ్చిచ్చే పద్ధతి ఇప్పటికే చాలామంది డీలర్లు పాటిస్తున్నారు. విద్యుత్ కార్లు పెరిగేకొద్దీ ఆయిల్ మార్చే పని తగ్గుతుంది, బ్యాటరీ నిల్వ, చార్జింగ్‌తో వచ్చే అగ్ని ప్రమాద భయం పెరుగుతుంది.

ఆ భయం ఊహ కాదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో రేగిన మంటల పొగ పై అంతస్తుల్లోని లాడ్జిని కమ్మేసి 8 మంది ప్రాణాలు తీసింది. మరుసటి ఏడాది నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో కుటుంబాలు ఉంటున్న అపార్ట్‌మెంటు కింది భాగంలో కారు మరమ్మతు చేస్తుండగా లేచిన నిప్పు అక్కడే నిల్వ ఉంచిన రసాయన డ్రమ్ములకు అంటుకుందని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. కనీసం 9 మంది చనిపోయారు. రెండు చోట్లా భవనం కొలతల కంటే భవనంలో ఏం పెట్టారన్నదే ప్రాణాలు తీసింది. దాన్ని అడిగే బాధ్యత ఏ ఒక్క కార్యాలయానికీ పూర్తిగా లేదు.

చేయాల్సిన మార్పులు పెద్దవేమీ కావు. వాణిజ్యం అన్న ఒక్క గంపగుత్త మాటను భవన నిబంధనల్లో మూడుగా విడదీయాలి: ప్రదర్శన-అమ్మకం, సర్వీసింగ్, బాడీషాపు-పెయింటింగ్. మొదటిదానికి ఇప్పుడున్న 21 రోజుల మార్గమే చాలు. రెండోదానికి రోడ్డు వెడల్పు, విస్తీర్ణం ఆధారంగా పరిమితి పెట్టి, చిన్న మెకానిక్ షెడ్డును మినహాయించి, పెద్దవాటికి 100 మీటర్ల పరిధిలోని ఇళ్లకు నోటీసు, స్థలం ముందు తెలుగులో, హైదరాబాద్‌లో ఉర్దూలో కూడా బోర్డు, 15 రోజుల అభ్యంతరాల గడువు ఉండాలి. అద్దెకు ఉండేవారికీ ఆ నోటీసు అందాలి, రాత్రి చప్పుడుకు నిద్ర చెడేది వాళ్లకే. అంతా కలిపి 45 రోజుల్లో తేలాలి. ఏ అభ్యంతరాన్ని ఎందుకు ఒప్పుకున్నారో, ఎందుకు తోసిపుచ్చారో రాతపూర్వకంగా ఆన్‌లైన్‌లో పెట్టాలి. మూడోది ఇళ్లతో గోడ పంచుకునే ప్లాటులో ఉండకూడదు. నివాసులకు వీటో అక్కరలేదు, ఇవ్వకూడదు కూడా. ఆధారాలతో మాట్లాడే అవకాశం, షరతులు కోరే హక్కు చాలు.

వినడానికి వేదిక కొత్తగా కట్టనక్కరలేదు. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణే చెప్పింది. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం ప్రతి వార్డుకూ 15 మంది చొప్పున నాలుగు కమిటీలు పెట్టమంది. మొక్కలు నాటే కార్యక్రమాలకే పిలుస్తున్న ఆ కమిటీల ముందు ఈ దరఖాస్తులు పెడితే వాటికీ ఒక పని దొరుకుతుంది. ప్రణాళికా విభాగం, కాలుష్య మండలి, అగ్నిమాపక శాఖ, ట్రాఫిక్ పోలీసుల అధికారులు అదే రోజు అక్కడ కూర్చోవాలి. కంటైనర్ లారీ ఎక్కడ తిరుగుతుందో, వాటర్ వాష్ నీటిని ఎలా శుద్ధి చేసి మళ్లీ వాడతారో డీలరు నమూనా మీద చూపించాలి. 2024 వేసవిలో కార్లు కడగడానికి తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అనే దాకా బెంగళూరు వచ్చిన సంగతి మరవకూడదు.

షరతులు కాగితం మీదే మిగిలిపోతాయన్న అనుమానం సహజం. 2007 చివర్లో ఉమ్మడి రాష్ట్రంలో బీపీఎస్, 2015లో తెలంగాణలో బీఆర్‌ఎస్ పేరుతో వచ్చిన క్రమబద్ధీకరణ పథకాలు ‘ముందు కట్టు, తర్వాత రుసుము కట్టు’ అన్న పాఠమే నేర్పాయి. వర్క్‌షాపుల షరతులకు ఆ దారి మూసేయాలి. అందుకు పట్టు కార్పొరేషన్ చేతిలోనే ఉంది. భవన అనుమతిలోని ప్రతి షరతునూ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు అక్కడికి వెళ్లి సరిచూడాలి. అవే షరతులను ఏటా పునరుద్ధరించుకోవాల్సిన ట్రేడ్ లైసెన్సు మీద ముద్రించాలి. ఉల్లంఘన రెండుసార్లు రుజువైతే షోరూం నడవనిచ్చి వర్క్‌షాపు లైసెన్సును మాత్రం ఆపేయాలి. ఇప్పటికే ఇళ్లను ఆనుకుని నడుస్తున్న బాడీషాపులకు తరలిపోవడానికి రెండు మూడేళ్ల గడువు, పారిశ్రామిక వాడల్లో స్థలం ఇవ్వాలి. ఢిల్లీలో మాదిరి రాత్రికి రాత్రి సీళ్లు వేసే పరిస్థితి తెచ్చుకోకూడదంటే ఆ గడువు లెక్క ఈ ఏడాదే మొదలవ్వాలి.